దించడానికి వీలున్న తట్ట

ఊరికి కొత్త మనిషి ఎవరు వచ్చినా అందరూ మొదట మొహం చూస్తారు. అంతయ్య మూట చూస్తాడు. మూట ఎంత ఉంది, ఎవరి నెత్తిన ఉంది అన్నది తెలిస్తే చాలు, వచ్చినవాడు ఎవరో, ఎన్నాళ్లుంటాడో, పోతూ పోతూ ఊరికి ఏం మిగిల్చి పోతాడో చెప్పగలనని అతని నమ్మకం. యాభై అయిదేళ్ల బతుకులో ఆ అంచనా తప్పింది లేదు.

అరవై అయిదులో, శివరాత్రి ఇంకా పది రోజులుందనగా, మోదుగులపల్లెకు జీపు వచ్చిన పొద్దున అది మొదటిసారి తప్పింది.

జీపులోంచి ఒక తెల్ల పిలగాడు దిగాడు. ఇరవై రెండేళ్లుంటాయి. చెవులు ఎండకు అప్పుడే ఎర్రబడ్డాయి. దిగినవాడు దిగినట్టే వెనక్కు తిరిగి తన ట్రంకుపెట్టె తనే దించుకున్నాడు, సంచి తనే భుజాన వేసుకున్నాడు. గ్రామసేవక్ లక్ష్మీరాజం పరుగున వెళ్లి సంచి అందుకోబోయాడు. పిలగాడు నవ్వి, ఇవ్వలేదు. ఇద్దరూ సంచిని చెరో వైపు పట్టుకుని కొంతసేపు మర్యాద చేసుకున్నారు. చివరకు పిలగాడే గెలిచి, నలభై మంది చూస్తుండగా తన బరువు తాను మోసుకుంటూ పంచాయతీ ఆఫీసు మెట్లెక్కాడు.

మెట్ల పక్కన కావలికారు హోదాలో నిలబడ్డ అంతయ్య పరేషాన్ అయ్యాడు. రంగు చూస్తే దొర. మూట చూస్తే మనవాడు. రెండూ ఒక్క మనిషిలో ఇంతకు ముందెన్నడూ చూసి ఎరగడు.

అంతయ్యకు మూటల సంగతి తెలిసినంతగా ఆ చుట్టుపక్కల ఇంకెవరికీ తెలియదు. పోలీసు చర్యకు ముందు అతనిది వెట్టి. ఇప్పటివాళ్లకు చెబితే కథ అనుకుంటారు గాని, అందులో తిరకాసేమీ లేదు: పని నీది, తిండి నీది, పెత్తనం గడిలో దొరది. ఊరికి అధికారి ఎవరు వచ్చినా, అతని పరుపుల బిస్తరు, గిన్నెలు, కాళ్లు కట్టిన కోళ్లు అన్నీ కలిపి అంతయ్య నెత్తికెక్కేవి. పక్క ఊరి పొలిమేర దాకా మోస్తే అక్కడి వెట్టివాడు అందుకోవాలి. అందుకునేవాడు లేకపోతే ఇంకో ఊరు. మధ్యలో దించే వీలు లేదు.

ఒకసారి రెవెన్యూ అధికారి గిర్దావరు మూట మోస్తుండగా ఊరినుంచి మనిషి పరుగెత్తుకొచ్చి, మీ బాపుకు మాట పడిపోయింది రమ్మని చెప్పాడు. అంతయ్య మూట నెత్తిన ఉండగానే సెలవడిగాడు. గిర్దావరు దయగల మనిషే. పాపం, పో, పక్క ఊళ్లో దించి పో అన్నాడు. పక్క ఊరి వెట్టివాడు జ్వరంతో పడి ఉన్నాడు. ఆ పై ఊరివాడు గడి పనిలో ఉన్నాడు. మూడో ఊళ్లో మూట దించి, ఎనిమిది కోసులు వెనక్కు పరుగెత్తి వచ్చేసరికి బాపును మట్టి చేసి వచ్చినవాళ్ల స్నానాలు కూడా అయిపోయాయి.

ఆ మాట అంతయ్య ఎవరితోనూ అనలేదు. కాని నలభై ఎనిమిదిలో పటాలం వచ్చి, గడి తలుపులు మూసుకుని, దొర హైదరాబాదు పోయిన నాడు ఒక్క ఒట్టు పెట్టుకున్నాడు: ముందు చేతిలో ఏదన్నా పడనిదే ఎవరి బరువూ ఎత్తను. ఈ ఒట్టును అతను శాస్త్రంలా పాటించాడు. వియ్యంకుడి ఇంటికి కప్పు వేసేటప్పుడు కూడా ముందు బీడీ పుచ్చుకుని గాని తాటికమ్మ అందించలేదు. బీడీ చాలు. ఎక్కువ అక్కర్లేదు. అసలు ఏమీ లేకుండా మాత్రం కుదరదు.

"నా నెత్తి మీది కుండ దించుతందుకు గూడ కూలి అడుగుతడు, గీయిన ఆడిదాన్ని ఎట్ల ఏలుకున్నడో," అని అతని పెళ్లాం పోశవ్వ బావి దగ్గర అమ్మలక్కలతో అనేది. అనడమే గాని, కొంగు ముడిలో నాలుగు బీడీలు ఎప్పుడూ ఉంచుకునేది.

ఊళ్లోకి పంచాయతీ వచ్చాక అంతయ్యకు కావలికారు నౌకరి దొరికింది. నెల నెలా జీతం. సర్పంచు ఎవరంటే, పోయిన దొర తమ్ముడి కొడుకు. గడి గోడకున్న సున్నమే మారింది. అప్పట్లో "అంతిగా" అని పిలిచిన నోరు ఓట్లు వచ్చాక "అంతయ్యా" అనడం నేర్చుకుంది. ప్రజాస్వామ్యం ఆ ఊరికి తెచ్చిన మొదటి మేలు అదే. రెండోది ఇంకా దారిలో ఉంది.

జీపు వచ్చిన పొద్దున పంచాయతీ అరుగు మీద సభ జరిగింది. లక్ష్మీరాజం లేచి, ఈ యువకుని పేరు వాల్టర్ అనీ, కెనడా దేశస్థుడనీ, సముద్రాలు దాటి మన గ్రామాభ్యుదయం కోసం వచ్చాడనీ, రెండేళ్లు ఇక్కడే ఉండి పని చేస్తాడనీ చెప్పాడు. ఊళ్లో అందరికంటే పెద్దవాడు మల్లన్న. నోట్లో చుట్ట తీసి అడిగాడు.

"జీతమెంతనో?"

"జీతం లేదు, పెద్దయ్యా. స్వచ్ఛందంగా చేస్తాడు."

"భూమేమన్న రాసిస్తరా?"

"లేదు. తిండికి సరిపడా ఏదో ఇస్తారు, అంతే. రెండేళ్లకని కాగితం రాసిచ్చి వచ్చాడు."

మల్లన్న పిలగాణ్ణి కాళ్లనుంచి తల దాకా చూశాడు. చూసి జాలిగా అన్నాడు: "మరి ఏం తప్పు చేసిండు?"

లక్ష్మీరాజం ఏ తప్పూ లేదని మూడు విధాలుగా చెప్పాడు. ఎంత చెబితే అంత అనుమానం పెరిగింది. అప్పుడు పిలగాడే లేచి, చేతులు జోడించి, శిక్షణలో నేర్పిన తెలుగు మాట్లాడాడు. "నమస్కారం. నేను మీతో కలిసి పని చేయుటకు వచ్చాను. దయచేసి నాకు పని చెప్పండి." అచ్చం రేడియోలో వార్తలు చదివినట్టే ఉంది. జనం రేడియో విన్నట్టే విన్నారు.

అంతయ్య మాత్రం ఆ జోడించిన చేతులనే చూశాడు. చేతులు జోడించి, పని చెప్పమని నిలబడడం అతనికి తెలుసు. గడి వాకిట్లో రోజూ తెల్లవారి తాను నిలబడింది అట్లాగే. జీతం లేదు, తిండికి మాత్రం ఏదో, కాగితం మీద సంతకం, సర్కారు జీపులో తెచ్చి దింపడం. మూట తనే మోయడం. అంతా సరిపోయింది. పిలగాణ్ణి వెట్టికి తెచ్చారు. పదిహేడేళ్ల కింద ఇక్కడ మూసిన దుకాణం కెనడాలో ఇంకా నడుస్తోందన్నమాట.

"తెల్లోళ్లల్ల గూడ మనసొంటోళ్లు ఉంటరా?" అంది పోశవ్వ, ఆ సంగతి విని.

"ఉండకపోతే ఆళ్ల దొరల మూటలు ఎవరు మోస్తరే?" అన్నాడు అంతయ్య.

వాల్టర్ కష్టాలు మర్నాటి నుంచే మొదలయ్యాయి. ఎనిమిది వేల మైళ్లు పని కోసం వచ్చినవాడికి ఊళ్లో పని దొరకలేదు. మల్లన్న చేనుకు పోయి పార పట్టుకోగానే మల్లన్న పార గుంజుకుని, ఇంటికి మనిషిని పంపి మంచం తెప్పించి గట్టు మీద వేయించాడు. బావి దగ్గర తోడబోతే ఆడవాళ్లు చేద లాక్కున్నారు. కల్లంలో బస్తా ఎత్తబోతే ఇద్దరు బస్తాను, ముగ్గురు అతణ్ణి పట్టుకున్నారు. శిక్ష వేసింది వాళ్ల సర్కారు, మనం ఎందుకు అమలు చెయ్యాలి అన్నది ఊరి ఉద్దేశం. ఆ వారంలో వాల్టర్ పదకొండు మంచాల మీద కూర్చున్నాడు, లెక్క లేనన్ని చాయలు తాగాడు. గ్రామీణులతో సత్సంబంధాలు నెలకొల్పుతున్నాడని లక్ష్మీరాజం పైకి రిపోర్టు రాశాడు.

అతని దగ్గర చిన్న పుస్తకం ఒకటి ఉండేది. విన్న ప్రతి మాటా అందులో రాసుకునేవాడు. మొదటి రోజు మల్లన్న సర్పంచుకు ఎదురై వంగి "నీ బాంచెన్ దొరా" అనడం విని, ఇది ఇక్కడి పలకరింపు కాబోలని రాసుకున్నాడు. మర్నాడు రేవు నుంచి బట్టల మూటతో వస్తున్న చాకలి కొమురవ్వకు ఎదురై, వంగి, స్పష్టంగా "నీ బాంచెన్" అన్నాడు. కొమురవ్వ మూట దారిలోనే పడేసి ఇంటికి పోయింది. పుట్టి బుద్ధెరిగాక, నీ బానిసనన్న ఆ మాట తాను అనడమే గాని తనను ఎవరన్నా అనగా విన్నది లేదు. రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు నుంచి మాత్రం రేవుకు ఆ దారినే పోవడం మొదలుపెట్టింది.

అంతయ్యకు ఇది ఇంకో రుజువైంది. కన్న దేశంలో ఎంత మంది కాళ్ల మీద పడి అలవాటయితే, ఎదురైన ప్రతివాళ్లకూ బాంచెన్ అంటాడు?

రెండో వారం చాయలూ నీళ్లూ కలిసి వాల్టర్ కడుపు మీద దాడి చేశాయి. మూడు రోజులు పంచాయతీ ఆఫీసు పక్క గదిలో పడి ఉన్నాడు. వెట్టివాళ్లు పడుకునే పాత చావడి గదే అది. సున్నం వేసి అతిథి గది అన్నారు. పోశవ్వ గంజి కాచి పంపింది. నాలుగో రోజు కళ్లు లోతుకు పోయి, మొహం పాలిపోయి, పార భుజాన వేసుకుని పిలగాడు మళ్లీ బయలుదేరాడు. జబ్బు తగ్గకుండానే పనికి పోయే మనిషిని చూసి అంతయ్య ఇంటికి వచ్చి అన్నం ముట్టలేదు.

ఈసారి వాల్టర్‌కు పని దొరికింది. బస్సులు పోయే సడక దాకా మైలున్నర రోడ్డు శ్రమదానంతో వేయాలని సమితిలో ఎప్పుడో తీర్మానమైంది. లక్ష్మీరాజం సున్నంతో గీత గీశాడు. బండ్ల బాట ఉన్న చోట కాకుండా గీత కాస్త ఎడమకు వంగి, సర్పంచు మామిడి తోట గేటును పలకరించి, మళ్లీ దారికి వచ్చింది. దూరం పెరిగినా అభివృద్ధి పెరుగుతుందని అతను చెప్పాడు. ఆ గీత వెంట వాల్టర్ ఒక్కడే మన్ను తవ్వి, తట్ట నెత్తికెత్తుకుని, పోసి వచ్చేవాడు. చేన్లకు పోయేవాళ్లు ఆగి చూసి, పాపం అనుకుని సాగిపోయేవాళ్లు. ఒక్కడికి రోజుకు పది గజాలు కూడా తెగలేదు.

సర్పంచు అది తోట అరుగు మీది నుంచి చూశాడు. ఆ చూపులో ఆలోచన పుట్టింది. సాయంత్రం అంతయ్యను పిలిపించాడు.

వచ్చే బేస్తవారం పైనుంచి పెద్దసారు వస్తున్నాడనీ, ఫొటోలు తీస్తారనీ, అప్పటికి రోడ్డు మీద ఊరు ఊరంతా మన్ను మోస్తూ కనబడాలనీ చెప్పాడు. తెల్లదొరే మోస్తుంటే మనకేం రోగం అని ఊరు సిగ్గుపడాలన్నాడు. చివరకు అసలు మాట వచ్చింది.

"డప్పు కొట్టి చాటు. ఇంటికొక మనిషి. పార, తట్ట ఎవరిది ఆళ్లే తెచ్చుకోవాలె."

అంతయ్య ఆ మాటలు లోపలే తిరగేసుకున్నాడు. ఇంటికొక మనిషి. పార, తట్ట ఎవరిది వాళ్లే. గడి చెరువుకట్టకు మనుషులు కావాల్సినప్పుడు ఇదే డప్పు మీద ఇవే మాటలు అతనే చాటేవాడు. అప్పుడు దానికి పేరుండేది. ఇప్పుడు పూలదండ వేసి శ్రమదానం అంటున్నారు.

"కూలేమన్న ఇస్తరా, దొరా?" అన్నాడు మెల్లగా.

"దానమంటె కూలి ఎట్లిస్తరు, అంతయ్యా? నీకు నౌకరి ఉన్నది. నువ్వు మంచిగ చాటు. లేకుంటె చాటేటోళ్లు మస్తు మంది ఉన్నరు."

మర్నాటి నుంచి అంతయ్య గొంతుకు పసుపు గుడ్డ చుట్టుకుని తిరిగాడు. గొంతు పోయిందని సైగ చేశాడు. కాని గొంతు ఎన్నాళ్లు పోతుంది? బేస్తవారానికి ఇంకా ఆరు రోజులుంది. చాటితే ఒట్టు పోతుంది; ఒట్టు ఒక్కటే కాదు, ఒకసారి ఇంటికొక మనిషి లేచి పోతే మళ్లీ ఏ పనికయినా లేచి పోతాడు. చాటకపోతే నౌకరి పోతుంది. ఆలోచించగా ఆలోచించగా అతనికి ఒకటే తోచింది. ఊరి మీదికి విసిరే వలకు ఎర ఈ పిలగాడు. పిలగాడు వెట్టి విడిపించుకుని పోతే, సర్పంచు ఎవరిని చూపించి ఊరిని సిగ్గుపరుస్తాడు?

విడిపించడానికి అతనికి తెలిసిన మార్గం మొదట ప్రయత్నించాడు. పోయి సున్నపు గీత పక్కన కూర్చున్నాడు. వాల్టర్ తట్ట పోసి రాగానే ఒక బీడీ చేతిలో పెట్టాడు. ఏదో ఒకటి చేతిలో పడితే అది కూలి అవుతుంది, వెట్టి కాదు. వాల్టర్ బీడీ తాగడు. అయినా పెద్దాయన ప్రేమతో ఇస్తున్నాడని రెండు చేతులతో తీసుకుని జేబులో వేసుకున్నాడు. తట్టకొక బీడీ. మధ్యాహ్నానికి పోశవ్వ కొంగు ముడి ఖాళీ అయింది. పిలగాడు మరింత ఉత్సాహంగా మోశాడు.

అది పని చేయలేదని తేలాక అంతయ్య బడి పంతులు అంబదాసును పట్టుకున్నాడు. అంబదాసు ఆదిలాబాదు వైపు మనిషి. ఇంగ్లీషు పుస్తకాలు తెప్పించుకుని చదివేవాడు. మాట్లాడేందుకు ఎదుటి మనిషి దొరకక ఆ ఇంగ్లీషు అట్లాగే తుప్పు పట్టి ఉంది. ఆదివారం మధ్యాహ్నం ముగ్గురూ చావడి గదిలో కూర్చున్నారు. పోశవ్వ నాలుగు జొన్నరొట్టెలు గుడ్డలో కట్టి తెచ్చి గుమ్మంలో నిలబడింది. అవి దారి బత్తెం.

అంతయ్య గొంతు గుడ్డ విప్పి, దారి చెప్పాడు. సడక మీద ఎక్కితే అందరూ చూస్తారు, కొండగట్టు వైపు గుట్ట దిగి అవతల బస్సెక్కాలి, కరీంనగర్‌లో దిగి కాజీపేట పోవాలి, అక్కడ రైలు. ఎవరన్నా అడిగితే ఆంజనేయస్వామి మొక్కు అని చెప్పాలి. అంబదాసు ఇదంతా ఇంగ్లీషులో పెట్టేసరికి చెమటలు పట్టాయి. వాల్టర్ చాలాసేపు విని, తాను ఎందుకు పారిపోవాలని అడిగాడు. తనను ఎవరూ పంపలేదు, తానే వచ్చాడు.

అంతయ్య తల అడ్డంగా ఊపాడు. వెట్టివాళ్లందరూ పరాయివాళ్ల ముందు చెప్పే మాట అదే. తానూ చెప్పాడు.

అప్పుడు అంబదాసు తన సొంతంగా వాల్టర్‌కు వెట్టి సంగతి చెప్పడం మొదలుపెట్టాడు. తుప్పు ఇంగ్లీషులో గంట పట్టింది. డప్పు మీద చాటే మాటల దగ్గరికి వచ్చేసరికి పిలగాడి మొహం మారింది. పుస్తకం తీసి, ఒక పేజీ చూసి, ఒక మాట మీద గట్టిగా గీత కొట్టేశాడు. కొమురవ్వను ఏమన్నాడో అతనికి అప్పుడు అర్థమై ఉంటుంది.

అంతయ్యకు ఇంకా నమ్మకం కుదరలేదు. ముందుకు జరిగి, పంతులు వైపు చూడకుండా పిలగాడినే అడిగాడు.

"మీ బాపు ఉన్నడా, బిడ్డా?"

ఉన్నాడు. ఆవులున్నాయి వాళ్లకు.

"మీ బాపుకు పానం బాగ లేదని కబురొచ్చింది అనుకో. నీ నెత్తి మీద తట్ట ఉన్నది. గక్కడ్నే దించి పోతవా? పోనిస్తరా నిన్ను?"

అంబదాసు ఆ ప్రశ్నను మెల్లగా చెప్పాడు. వాల్టర్ వెంటనే, తన రేడియో తెలుగులోనే బదులిచ్చాడు. "దించి పోతాను. ఎవరూ ఆపరు."

"ఒట్టి మాట," అన్నాడు అంతయ్య.

"ఒట్టి మాట కాదు."

"అయితే చూపియ్యి. బేస్తవారం నాడు, పెద్దసారు ముంగట. నేను రుమాలు తీసిన్నంటె తట్ట దించి కూసోవాలె. ఎవ్వలు పిలిచినా లేవద్దు. గప్పుడు నమ్ముత."

వాల్టర్ చేతిలో పుస్తకం మూశాడు. తర్వాత సరే అన్నాడు. గుమ్మంలో ఉన్న పోశవ్వ రొట్టెల గుడ్డ విప్పి, పారిపోకపోయినా తినక తప్పదని అతని ముందు పెట్టింది.

బుధవారం అంతయ్య గొంతు బాగయింది. డప్పు తీసుకుని ఊరంతా చాటాడు. సర్పంచు అరుగు మీద నుంచి విని తృప్తిపడ్డాడు. దూరం నుంచి విన్నాడు కాబట్టి మాటలన్నీ అందలేదు. అంతయ్య చాటింది ఇది: "రేపు పెద్దసారు వస్తుండు... తన నెత్తిన తనే మన్ను మోస్తడట... ఇంటికొక మనిషి రావాలె... చూస్తందుకు."

అధికారి మన్ను మోయడం కొండగట్టు జాతరలో కూడా దొరకని తమాషా. ఇంటికొకరేమిటి, ఇంటికి అయిదుగురు వచ్చారు. పిల్లలను చంకనెత్తుకుని, ముసలివాళ్లను బండ్లలో వేసుకుని, గొడుగులతో వచ్చారు. పార తెచ్చినవాడు ఒక్కడు లేడు. సున్నపు గీతకు రెండు వైపులా బారులు తీరి కూర్చున్నారు. సర్పంచు పళ్లు కొరికి, అంతయ్య వైపు చూశాడు. అంతయ్య ఆకాశం వైపు చూశాడు.

పెద్దసారు వచ్చాడు. దండ పడింది. కొత్త తట్టకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, అందులో దోసెడు మన్ను వేసి అందించారు. ఆయన దాన్ని భుజం దాకా ఎత్తాడు. ఫొటోగ్రాఫరు మరోసారి అన్నాడు. మరోసారి ఎత్తాడు. మూడోసారి ఎత్తేసరికి ఆయనకు ఆయాసం వచ్చింది, కుర్చీ వేశారు. జనం సంతోషించారు, కాని ఇంకా ఎక్కువ ఆశించి వచ్చామన్నట్టుగా ఉన్నారు. ఆ తర్వాత ఆ పొడవాటి గీత మీద మన్ను మోసేవాడు ఒక్క వాల్టర్ మిగిలాడు. ఇటునుంచి అటు పోతున్నాడు, అటునుంచి ఇటు వస్తున్నాడు. నాలుగు వందల జతల కళ్లు అతనితో పాటు తిరుగుతున్నాయి.

చూడండి, సిగ్గు లేదా అని సర్పంచు ఊరిని అనబోతున్నాడు. అప్పుడు అంతయ్య తలకున్న రుమాలు తీశాడు.

వాల్టర్ ఆగాడు. నెత్తి మీద తట్ట నిండుగా ఉంది. రెండు చేతులతో దించి, నడి రోడ్డు మీద పెట్టి, దాని పక్కన కూర్చున్నాడు.

లక్ష్మీరాజం పరుగెత్తాడు. ఎండదెబ్బా, కడుపా అని అడిగాడు. ఏమీ కాదన్నాడు వాల్టర్. లేవమన్నాడు లక్ష్మీరాజం. వాల్టర్ లేవలేదు. పెద్దసారు కుర్చీలోంచి ఏమిటని అడిగితే, అంబదాసు వినయంగా, ఆయనకు ఇవాళ్టికి చాలట అని చెప్పాడు.

అంతయ్య రుమాలు చేతిలోనే పట్టుకుని చూశాడు. పెద్దసారు చేతిని చూశాడు. సర్పంచు కర్రను చూశాడు. జీపు దగ్గరున్న పోలీసు జవాను బెల్టును చూశాడు. ఏదీ కదల్లేదు. పెద్దసారు నవ్వి, పిల్లవాడు అలిసిపోయాడు, మజ్జిగ ఇవ్వండి అన్నాడు. ఫొటోగ్రాఫరు ఆ ఫొటో కూడా తీశాడు. ఇంకేమీ జరగలేదు. మోదుగులపల్లె నడి రోడ్డు మీద ఒక మనిషి బరువు దించి కూర్చుంటే ఏమీ జరగకపోవడం ఆ ఊరు చూడడం అదే మొదలు.

"నిజమే చెప్పిండు పిలగాడు," అన్నాడు అంతయ్య.

పక్కన కూర్చున్న పోశవ్వ ఆకు నములుతూ అతని వైపు తిరగకుండానే అంది: "ఆయిన తెల్లగున్నడు. ఆయినకేమైతది? నువ్వు దించు, చూద్దాం."

అంతయ్య నౌకరి గురించి ఆలోచించాడో, మూడో ఊరి పొలిమేర గురించి ఆలోచించాడో తెలియదు. రుమాలు చుట్టకుదురు చేసి నెత్తిన పెట్టుకుని గీత మీదికి నడిచాడు. వాల్టర్ పక్కనున్న తట్ట ఎత్తుకున్నాడు. వాల్టర్ ఆదుర్దాగా జేబులు తడుముకుని, అతను ఇచ్చిన బీడీల్లో ఒకటి తీసి అందించబోయాడు. ఈ పెద్దాయన ఒట్టు సంగతి పంతులు చెప్పి ఉంటాడు. అంతయ్య వద్దన్నాడు. పదిహేడేళ్లలో మొదటిసారి, చేతిలో ఏమీ పడకుండా, నిండు తట్ట నెత్తిన పెట్టుకుని నడిచాడు.

సర్పంచు మొహం విప్పారింది. పెద్దసారు వైపు తిరిగి, చూశారా, ఊరు కదిలింది అన్నాడు. మల్లన్న చుట్ట ఆరిపోయింది. అంతయ్య నడిచి నడిచి, సరిగ్గా మామిడి తోట గేటు ముందుకు, పెద్దసారు కుర్చీకి నాలుగడుగుల దూరానికి వచ్చి ఆగాడు. మన్ను పోయాల్సిన చోటు ఇంకా ముప్పై అడుగులుంది. అక్కడ తట్ట దించాడు. దించి, నడుము సరిచేసుకుని, రుమాలు దులిపి, ఊరి వైపు నడక మొదలుపెట్టాడు.

"అంతిగా," అన్నాడు సర్పంచు. అని, పెద్దసారు ఉన్నాడని గుర్తొచ్చి దిద్దుకున్నాడు. "అంతయ్యా, ఏడికి?"

"ఇంటికి."

"ఇంటికాడ ఏం పనిరా?"

అంతయ్య తిరిగి చూశాడు. "ఏం పని లేదు, దొరా," అన్నాడు. అని సాగిపోయాడు. పరుగెత్తలేదు. దారిలో ఒక తుమ్మచెట్టు నీడన ఆగి, తీరిగ్గా కాలిలో ముల్లు తీసుకుని మరీ పోయాడు.

ఆ తట్ట సాయంత్రం దాకా గేటు ముందే ఉంది. పెద్దసారు జీపు దాన్ని చుట్టి పోవాల్సి వచ్చింది. నాలుగు వందల మంది శ్రమదానంలో పాల్గొన్నట్టు లక్ష్మీరాజం రిపోర్టు రాశాడు. చూడడం కూడా శ్రమే కాబట్టి అందులో అబద్ధం లేదు. ఆ రిపోర్టులో మొదట కదిలిన గ్రామీణుడిగా అంతయ్య పేరు ఎక్కింది. పెద్దసారు మెచ్చిన మనిషిని నౌకరిలోంచి తీయడం సర్పంచుకు ఎట్లాగో తెలియలేదు.

రోడ్డు సంగతి చెప్పాలంటే, ఆ పై వారం మల్లన్న ఒక పూట పారతో వచ్చాడు. సున్నపు గీత మీద కాదు, పాత బండ్ల బాట మీదికి. అరపూట తవ్వి, చాలనిపించి పోయాడు. పోనిచ్చారని తెలిశాక ఇంకొందరు వచ్చారు. ఎవరికి ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు వచ్చేవాళ్లు, మధ్యలోనే లేచి పోయేవాళ్లు. వాల్టర్ ఆ బాట మీదికే మారాడు. అట్లా వేసిన రోడ్డు కాబట్టి రెండేళ్లయినా పూర్తి కాలేదు. వాల్టర్ వాగు అవతల ఆగిన జీపెక్కి పోయేనాటికి వాగు దాకా వచ్చింది. పోయేటప్పుడు అతని ట్రంకుపెట్టె మోయడానికి అంతయ్య వచ్చాడు. ఇద్దరూ చెరో వైపు పట్టుకుని కొంతసేపు మర్యాద చేసుకున్నారు. ఈసారి అంతయ్య గెలిచాడు. వాగు దాకా మోసి, అక్కడ దించి, ఇక నువ్వు మోసుకో బిడ్డా అన్నాడు.

ఒట్టు పోయినట్టేనా అని పోశవ్వ ఆ సాయంత్రం అడిగింది. నెత్తిన నీళ్ల కుండతో వాకిట్లో నిలబడి, దించమని పిలుస్తూ అడిగింది. అంతయ్య లేచి వచ్చి, కుండకు చెయ్యి వేసే ముందు, అలవాటుగా అరచెయ్యి చాపాడు.

"గది ఊరి సంగతి," అన్నాడు. "ఇంట్ల బీడీ బీడీనే."